మూడో తలుపు

న్యూ ఆర్లీన్స్, సెయింట్ ఫిలిప్ వీధి
14 నవంబరు 1940

ఒరేయ్ లిల్లో,

దీవెనలూ తిట్లూ ఒకే కవర్లో పెడుతున్నాను, ఏది ముందు చేతికి తగిలితే అది తీసుకో. మొన్న పదో తారీకున పునీత నింఫా పండగ. అంటే నీ అక్క పండగ. అమ్మ పోయాక నిన్ను చంకనేసుకుని పెంచిన మనిషికి ఒక్క ముక్క రాయడానికి నీ మిల్లువాళ్లు సెలవివ్వలేదా? సెయింట్ లూయిస్‌లో పిండిని పరీక్షచేసే పెద్దమనిషివైపోయావు. మాకరోనీ వాళ్లింటి కోడలు ఇంకేం గుర్తుంటుందిలే.

నువ్వు రాయకపోయినా నాకు కానుక అందింది. ఇచ్చింది ఎవరనుకున్నావు? మామగారు. నవ్వకు. భోజనాల దగ్గర అందరి ముందూ లేచి నిలబడి, "ఇవాళ్టినుంచి ఫ్యాక్టరీ పేరు సాంతా నింఫా. మా కోడలు పేరే," అన్నారు. పొట్లాల మీద అంటించే చీటీ కూడా కొత్తది వేయించారు. అందులో నా బొమ్మ. తల చుట్టూ వెలుగు, చేతిలో గోధుమ కంకులు. ముక్కు మాత్రం నాది కాదు, ఎవరో అదృష్టవంతురాలిది. అగతీన అది చూసి, "అమ్మా, నువ్వింత మంచిదానివా?" అంది. తొమ్మిదేళ్లకే దీని నాలుక చూడు. మీ బావ బాల్డో మాత్రం పళ్లెంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆయన సంగతి నీకు తెలిసిందే కదా, తండ్రి తుమ్మితే తను ముక్కు తుడుచుకునే రకం.

ఈ ఏడు తేమ ఎక్కువ. నది గాలికి ఆరబెట్టే గదిలో మాకరోనీ ఎన్నాళ్లైనా ఎండదు, బూజు వాసన మేడ మీదికి, మా పడకగదిలోకి వచ్చేస్తోంది. ఎలకలు మాకంటే ముందే నిద్రలేస్తున్నాయి. మామగారు రోజూ సాయంత్రం తనే చీపురు పట్టుకుని ఫ్యాక్టరీ నేలంతా ఊడుస్తారు, గుర్తుందా? రాలిన నూకంతా ఎత్తి, ఒక పిడికెడు ముద్దుపెట్టుకుని, మళ్లీ మరలో పోస్తారు. అది మర్నాటి పిండిలో కలిసిపోతుంది. కిందపడ్డ రొట్టెముక్కని మన పెద్దవాళ్లు ముద్దుపెట్టుకుని నోట్లో వేసుకునేవాళ్లే, దేవుడి దయని తొక్కకూడదని. అదే అలవాటు. కాకపోతే ఈయన గదంతా రాలిన దేవుడి దయని వదలరు.

దాంతో పిండి బూడిదరంగుకి తిరుగుతోంది. అది కనపడకుండా పసుప్పచ్చ రంగు పొడి కలుపుతున్నారు. చీటీ మీద "గుడ్లు కలిపిన మాకరోనీ" అని ఉంటుంది. మా పిండికి గుడ్డు మొహం తెలీదురా. ఆ చీటీలు అంటించేది నేను, ఆ మొహమూ నాదే. నవ్వులాటకి రాస్తున్నానుగానీ రాత్రిళ్లు అదోలా ఉంటోంది. నువ్వు పిండి చదువు చదివినవాడివి కదా, నూక కలిపినా రంగు చెడకుండా ఉండే ఉపాయం ఏదన్నా ఉంటే రాయి.

నీ అక్క
నింఫా


సెయింట్ లూయిస్
28 నవంబరు 1940

అక్కా,

పండగ మర్చిపోయాను, తప్పు నాదే. బొమ్మలో ముక్కు బాగుందన్నావు కాబట్టి ఒక చీటీ దాచి ఉంచు, చూస్తాను.

ఉపాయం అడిగావు. ఒక్కటే ఉంది. ఊడ్చింది పారెయ్యండి. రంగు మానెయ్యండి. గుడ్లు వెయ్యనప్పుడు గుడ్లని రాయకండి. ఎలకల్నీ పురుగుల్నీ ముందు వదిలించుకోండి, ఎలా వదిలించుకుంటారో మీ ఇష్టం. కొత్త చట్టం వచ్చింది, మా మిల్లులో అందరూ అదే మాట్లాడుకుంటున్నారు. మునుపట్లా జరిమానా కట్టి నవ్వుకుంటూ బయటికొచ్చే రోజులు పోయాయి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానని అడక్కు. మామగారికి ఇది నా మాటగా చెప్పకు, నీ మాటగా చెప్పు. త్వరగా చెప్పు.

చలి ఎక్కువగా ఉంది. పని బాగానే సాగుతోంది.

లిల్లో


న్యూ ఆర్లీన్స్
2 జనవరి 1941

నాయనా లిల్లో,

నీ ఉత్తరం ఇన్‌స్పెక్టరు రాసినట్టుంది. అక్కకి రాసేటప్పుడు కాస్త ఉప్పూకారం వెయ్యడం కూడా మర్చిపోయావా?

చెప్పాను. నీ మాట కాదు, నా మాటగానే చెప్పాను. విను, ఏం జరిగిందో.

"మామగారూ, ఆ ఊడ్చింది ఇంక మరలో వెయ్యొద్దండీ. పారేద్దాం."

"ఏంటమ్మా? పారెయ్యాలా?"

"ఎలకలు తిరుగుతున్నాయి కదండీ."

"ఎలక తింటే తగ్గేదెంత? మా ఊళ్లో కరువొచ్చినప్పుడు మా అమ్మ కోళ్లకేసిన ఊక ఏరి మాకు వండింది. నువ్వు పుట్టిందిక్కడ, నీకేం తెలుస్తుంది ఆకలంటే! రొట్టె పారేసిన చేతిని దేవుడు ఎండగడతాడు."

ఆ మాటకి ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి లిల్లో. నటన కాదు. ఆ మనిషి ఎవర్నీ మోసం చెయ్యాలనుకోడు, అదే వచ్చిన చిక్కు. దొంగైతే దెబ్బలాడొచ్చు, భక్తుడితో ఎలా దెబ్బలాడను? మీ బావని పక్కకి పిలిచి అడిగితే, "నాన్న కాలం ఇంకెన్నాళ్లులే," అన్నాడు. ఈ మాట మా పెళ్లినాటినుంచీ వింటున్నాను. ఆ మనిషి రాయిలా ఉన్నాడు, వంగిపోతున్నది మేమే.

నీ మాటల్లో ఒక్కటి మాత్రం నా చేతిలో ఉంది, చేశాను. ఎలకలకి పిల్లిని తెచ్చాను. పురుగులకీ బొద్దింకలకీ కొట్లో మందు కొని, ఈ ఉదయమే ఆరబెట్టే గదిలో గోడల వెంబడి నేనే చల్లాను. తెల్లటి పొడి, అచ్చం పిండిలా ఉంది. ఇంక సంతోషమేగా?

క్రిస్మస్ ముందు ఎవరో సన్నటి మనిషి, టోపీ తియ్యకుండా వచ్చి పొట్లాలు కొనుక్కుని పోయాడు. పేరు పర్సెల్ అన్నాడు. వీధి చివర కొట్లో కూడా మా పొట్లాలే కొన్నాడట. "ఒంటరివాడికి అన్ని మాకరోనీలెందుకో!" అని వీధంతా నవ్వుకున్నాం. పండగ వెళ్లాక ఇప్పుడు కొనేవాళ్లు లేరు. చేసిందంతా స్టోరు గదిలోనే పేరుకుంటోంది.

అగతీన ఈసారి మార్చిలో జోజప్ప పండగకి మరియమ్మ వేషం వేస్తుందట. ఇప్పట్నుంచే ఇంట్లో తల వంచుకుని నడుస్తోంది. మనకి పట్టిన అదృష్టం, నాలుగు రోజులైనా వంచనీ.

నింఫక్క


సెయింట్ లూయిస్
19 జనవరి 1941

అక్కా,

ఇది చదివి పొయ్యిలో వెయ్యి.

నేను ఏ మిల్లులోనూ పనిచెయ్యడం లేదు. ఎప్పుడూ చెయ్యలేదు. సర్కారు వాళ్ల ప్రయోగశాలలో ఉద్యోగం. జనం తినే సరుకుల్లో ఏం కలిసిందో చూసి రాయడం నా పని. నాన్న చనిపోయే ముందు, "పోలీసువాడికి మంచినీళ్లు కూడా ఇవ్వకండిరా," అన్నది నువ్వూ విన్నావు. సర్కారు జీతగాడినని ఆ వీధిలో తెలిస్తే నీ గుమ్మంలో ఎవరూ నిలబడరు. అందుకే మిల్లు అని చెప్పాను. చెప్పగా చెప్పగా నాకే నిజంలా అనిపించేది.

మా ఇన్‌స్పెక్టరు పర్సెల్ కొన్న పొట్లాలు ఇక్కడికొచ్చాయి. నా బల్ల మీదికి. సంచీ మీద నెంబరే ఉంది. విప్పితే నువ్వు. తల చుట్టూ వెలుగుతో.

ఇది మా అక్క ఇంటి సరుకని చెప్పి పక్కనపెట్టాలి, అది మా నియమం. చెప్పలేదు. చెప్తే నేనెవరో, మీరెవరో అన్నీ బయటికొస్తాయి. నీళ్లలో నానబెట్టి, వడగట్టి, భూతద్దం కింద పెట్టి లెక్క కట్టాను. ఎలక వెంట్రుకలు. పురుగుల కాళ్లు, రెక్కలు. బొగ్గు నుంచి తీసిన రంగు. గుడ్డు లేదు. చిన్నప్పుడు నువ్వు వంటింటి నేల మీద మాకరోనీ ముక్కలు పరిచి లెక్కలు నేర్పేదానివి. నేను ఒకటి నోట్లో వేసుకుని తక్కువ చెప్తే చెవి మెలిపెట్టేదానివి. ఆ రోజు సగమే రాస్తే ఎవరికీ తెలీదని నాకు తోచింది. చెవి నొప్పి పెట్టింది, నిజంగా. ఉన్నది ఉన్నట్టే రాశాను.

సరుక్కి సీలు వేస్తారు. తర్వాత కేసు. యజమాని మీద. మీ మామగారు దోన్ గాస్పరే ముసలాయన కాబట్టి జడ్జి కొంత కనికరిస్తాడేమో. నువ్వు మాత్రం ఇంక ఆ చీటీలు ముట్టుకోకు. నీకూ ఫ్యాక్టరీకీ సంబంధం లేనట్టే ఉండు.

లిల్లో


న్యూ ఆర్లీన్స్
30 జనవరి 1941

లిల్లో,

సంబంధం లేనట్టే ఉండమన్నావు.

పండగనాడు మామగారిచ్చిన కానుక సగమే చెప్పాను నీకు. పేరొక్కటే మారలేదు. లైసెన్సు కూడా నా పేరుకి మార్చారు. అంతకుముందు ఏడాది నగరం వాళ్లు ఆయనకి జరిమానా వేశారు, మళ్లీ ఆయన పేరుంటే కష్టమని ఎవరో చెప్పారట. సంతకం పెట్టమన్నారు, పెట్టాను. కేకు కోసిన చేత్తోనే పెట్టాను. నీకెందుకు రాయలేదంటే, రాస్తే అది కానుక కాదని నాకే తెలిసిపోయేది.

ఈ సోమవారం సర్కారు మార్షల్ వచ్చాడు. "నింఫా మిస్త్రెత్తా ఎవరు?" అన్నాడు. మామగారు నా వైపు చెయ్యి చూపించారు. మీ బావ పళ్లెంలోకి చూడ్డానికి అక్కడ పళ్లెం కూడా లేదు, బూట్లు చూసుకున్నాడు. స్టోరు గది తలుపుకి గొలుసు వేసి, సీలు అంటించి, కాయితం నా చేతిలో పెట్టాడు. ఏప్రిల్లో కోర్టు. నేరం రుజువైతే ఏడాది జైలట.

నా తమ్ముడు నన్ను భూతద్దం కింద పెట్టి చూశాడు. ఎలా ఉన్నాను?

నింఫా


సెయింట్ లూయిస్
6 ఫిబ్రవరి 1941

అక్కా,

నాకు తెలీదు. దేవుడి మీద ఒట్టు, నాకు తెలీదు. తెలిసుంటే ఏం చేసేవాణ్నో అని రోజూ నన్ను నేనే అడుగుతున్నాను. 

అగతీనని తీసుకుని వచ్చెయ్యి. నా గది చిన్నదే, అయినా ముగ్గురం సర్దుకుంటాం. కోర్టుకి ఇక్కణ్నుంచే వెళ్దాం.

లిల్లో


న్యూ ఆర్లీన్స్
24 ఫిబ్రవరి 1941

ప్రియమైన సోదరుడు కాలోజెరో గారికి,

నీ పూర్తి పేరు చూసి బెదిరిపోకు. మామగారు పక్కన కుర్చీలో కూర్చుని చెప్తున్నారు, నేను రాస్తున్నాను. ఆయనకి చదవడం రాదు. తన మాటలే రాస్తున్నాననుకుంటున్నారు. చదువొచ్చిన నీ బావ కింద మరకి నూనె వేస్తున్నాడు, తిరగని మరకి.

నీ ఉత్తరం పొయ్యిలో వెయ్యమన్నావు, వెయ్యలేదు. జిగురు డబ్బా కింద దాచాను. మీ బావకి దొరికింది. ఈ పద్నాలుగేళ్లలో ఆయన వెతికిందల్లా ఒక్కటే, అది దొరికింది. ఇప్పుడు నువ్వెవరో ఇంట్లో తెలుసు, వీధిలోనూ తెలుసు. రొట్టెల కొట్లో నా వంతు వచ్చేసరికి ఆవిడకి వినపడ్డం మానేసింది.

మామగారు: "రాయి. మనమంతా ఒకే రక్తం."

రాశాను. నా రక్తానికి ఆయన రక్తంతో చుట్టరికం లేదు.

మామగారు: "నీ లెక్క తప్పని మీ పైవాళ్లకి చెప్పు. చెయ్యి వణికిందను. కళ్లు సరిగ్గా లేవను. కుర్రాడివి, క్షమిస్తారు. అప్పుడు నీ అక్క ఇంట్లో ఉంటుంది, లేకపోతే జైల్లో ఉంటుంది."

ఇది కూడా ఆయన మాటే. మధ్యలో నా మాట కలపకుండా రాశాను, ఎందుకంటే ఇందులో తప్పేమీ లేదు. నేను నిన్ను ఏం చెయ్యమంటానో నాకే తెలీడం లేదు. సెయింట్ లూయిస్‌కి రమ్మన్నావు. ఊరు దాటకూడదని కాయితంలో ఉంది. పోనీ పిల్లనొక్కదాన్నే పంపుదామంటే, "మిస్త్రెత్తా పిల్ల గుమ్మం దాటదు," అన్నారు. కిందికి దిగితే సీలు వేసిన తలుపు, పైకెక్కితే ఈయన. కిటికీ తీస్తే వీధి అవతల గోడ మీద నా బొమ్మే, ప్రకటన. అది నవ్వుతూనే ఉంది.

మామగారు: "జోజప్పకి మొక్కుకున్నానని రాయి. ముప్పై ఏళ్లుగా ఈ వీధిలో ఆయన పండగ బల్లకి మాకరోనీ మన ఇంటిదే. ఈ ఏడూ మనదే. పేదలందరికీ పెడతాం. ఆయనే కేసు కొట్టించేస్తాడు."

"మామగారూ, మర ఆగిపోయింది కదండీ. మాకరోనీ ఎక్కణ్నుంచి వస్తుంది?" అని అడిగాను ఇప్పుడే.

"లోపల గదినిండా ఉందిగా!"

"దానికి సీలు ఉందండీ."

"జోజప్పకి సీలేంటమ్మా? ఆయన వడ్రంగి. ఎన్ని తలుపులు చూశాడో!"

చూశావా, హాస్యం కూడా ఉంది మనిషికి. లిల్లో, ఆయన నిజంగానే గొలుసు ఊడదీస్తారు. గడ్డపార మంచం కింద పెట్టుకున్నారు.

నేను క్షేమం. అలా అని రాయమంటున్నారు.

నింఫా


సెయింట్ లూయిస్
15 మార్చి 1941

అక్కా,

దీన్ని విమానం టపాలో వేస్తున్నాను. చేతికందగానే చదువు, నిలబడే చదువు.

సీలు తియ్యడం ఇంకో నేరం, అదీ నీ పేరు మీదే పడుతుంది. ఇన్నాళ్లూ దాని గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. నిన్న నీ పాత ఉత్తరాలన్నీ మళ్లీ చదివాను. జనవరి ఉత్తరంలో పురుగుల మందు గోడల వెంబడి చల్లానని రాశావు. తెల్లటి పొడి, పిండిలా ఉందన్నావు. ఆ మందు ఏంటో నాకు తెలుసు. ఒక చెంచాడు చాలు మనిషి పడిపోవడానికి. ఉడికించినా విరగదు.

మామగారు ప్రతి సాయంత్రం ఆ నేలే ఊడుస్తారు. ఆ నూకే మరలో పోస్తారు.

నేను పరీక్షచేసిన పొట్లాలు అంతకుముందువి. వాటిలో ఉన్నది మురికే. గదిలో ఉన్నవి ఆ తర్వాతవి. వాటిని ఎవరూ చూడలేదు. ఎలా వదిలించుకుంటారో మీ ఇష్టమని రాసింది నేనే. ఒక్క వాక్యం ఎక్కువ రాసుంటే సరిపోయేది.

ఎవరికీ పెట్టనివ్వకు. ఒక్క ముద్ద కూడా.

లిల్లో


న్యూ ఆర్లీన్స్
22 మార్చి 1941

తమ్ముడూ,

నీ ఉత్తరం పండగనాడు పొద్దున అందింది. అప్పటికే మూడు గంగాళాలు పొయ్యి మీద ఉడుకుతున్నాయి. వాకిలంతా బల్లలు. మూడు మెట్ల బల్ల మీద జోజప్ప, లిల్లీలు, అంజూరపు బిళ్లలు, వడ్రంగి పనిముట్ల ఆకారంలో కాల్చిన రొట్టెలు, రంపప్పొట్టు గుర్తుగా మాకరోనీ మీద చల్లడానికి వేయించిన రొట్టెపొడి. మమ్మల్ని వెలివేసిన వీధి వీధంతా వచ్చింది. జోజప్ప బల్లకి పిలుపులుండవు, పంతాలూ ఉండవు కదా. రేవు పనివాళ్లు, అనాథ పిల్లలు, వాళ్ల వెనకాల మఠం సిస్టర్లు. గొలుసు ముందు రోజే ఊడింది. నేను మేడ మీద నుంచి చప్పుడు విన్నాను. కిందికి దిగలేదు. అది నా తప్పు, రాసుకో.

చదివి మామగారి దగ్గరికి వెళ్లాను. "మామగారూ, అందులో పురుగుల మందుందండీ. నేను చల్లింది మీరు ఊడ్చారు."

"ఆ సర్కారు కుక్క రాశాడా?"

"మా తమ్ముడు రాశాడు."

"జోజప్ప పేరు మీద వండిన దాన్లో విషముండదు. ఫో, తలుపు దగ్గర నిలబడు. పిల్లలొస్తున్నారు."

వాకిట్లోకెళ్లి అరవచ్చు. ఎవరు నమ్ముతారు? పోలీసువాడి అక్క, సీలు పడ్డ ఇంటి కోడలు, పిచ్చెక్కిందంటారు. వేషాలేసిన పిల్లలు రానే వచ్చారు. నీకు గుర్తుందిగా, మొదటి తలుపు కొట్టి అడుగుతారు, లేదంటారు. రెండో తలుపు కొడతారు, అక్కడా లేదంటారు. మూడో తలుపు తెరుచుకుంటుంది. ఆ మూడో తలుపు మాదే. వాళ్లు అడుగుపెట్టి మొదటి ముద్ద తింటేనే అందరూ తింటారు. తలుపుకి లోపలివైపు, గడియ దగ్గర నేనొక్కదాన్నే.

తట్టారు.

"ఎవరది?" అన్నాను. అనాలి కాబట్టి.

"ఏసు, మరియ, జోజప్ప." అగతీన గొంతు అన్నిటికంటే పైకి.

"ఏం కావాలి?"

"తిండీ, తలదాచుకునే చోటూ."

గడియ మీద చెయ్యి ఉంది. వెనకాల వాకిలి నిండా జనం. ఎవరో ముసలావిడ అప్పుడే ఏడుస్తోంది, ఏటా ఇక్కడే ఏడుస్తుంది.

"ఇక్కడా లేదు," అన్నాను.

  తర్వాత తలుపు సందులోంచి నా కూతురు గుసగుసగా, నేను మాటలు మర్చిపోయాననుకుని, "అమ్మా, ఇది మూడో తలుపు," అంది.

లిల్లో, జైలేముంది. అది విన్నాక జైలేముంది.

వెనక్కి తిరిగి అందరికీ చెప్పాను. ఈ ఇంటి మాకరోనీ తినకండి, పురుగుల మందు కలిసింది, చల్లింది నేనే అని. కొందరు దణ్ణం పెట్టుకున్నారు, ఒకావిడ నా వైపు ఉమ్మింది. నేను వెళ్లి మొదటి గంగాళం పట్టుకున్నాను, కదల్లేదు. రెండో పిడి ఎవరో పట్టుకున్నారు. చూస్తే మీ బావ.  ఇద్దరం కలిసి ఎత్తి నేల మీద పోశాం. రెండోది పోశాం, మూడోది పోశాం. ఆయన ముఖం మీద ఆవిరో, కన్నీళ్లో, నేను చూడలేదు.

మామగారు నడుం వంచి మోకాళ్ల మీద కూర్చున్నారు. నేల మీద నుంచి దోసెడు ఎత్తారు, ముద్దుపెట్టుకున్నారు, నా కళ్లల్లోకి చూస్తూ తిన్నారు. ఇంకో దోసెడు. బాల్డో వెళ్లి చేతులు పట్టుకునేదాకా తింటూనే ఉన్నారు.

సాయంత్రానికి వాంతులు మొదలయ్యాయి. ఆసుపత్రిలో డాక్టరు, ఇంకొంచెం తినుంటే దక్కేవాడు కాదన్నాడు. బతికారు. గోడవైపు తిరిగి పడుకున్నారు, నాతో మాట్లాడరు. నిన్న సూపు తాగిస్తుంటే ఒక రొట్టెముక్క దుప్పటి మీద పడింది. దాన్ని చాలాసేపు చూశారు. ముట్టుకోలేదు. నాకు ఏడుపొచ్చింది, ఆయన్ని గెలిచినట్టు లేదు.

ఊడ్చిన నేల ఇంకా జిగటగానే ఉంది.

నింఫా


సెయింట్ లూయిస్
10 ఏప్రిల్ 1941

అక్కా,

మా అధికారికి అంతా చెప్పాను. నువ్వు నా అక్కవని, తెలిసీ లెక్క కట్టానని. ఉద్యోగం ఉంటుందో లేదో కేసు అయ్యాక తేలుస్తారు. సాక్ష్యానికి మాత్రం నేనే వెళ్లాలి.

మీ లాయరు నాకు ఉత్తరం రాశాడు. అక్కని చూసి చెయ్యి వణికింది, లెక్క సరిగ్గా కట్టలేకపోయాను అని ఒక్క మాటంటే కేసు నిలబడదట. సీలు సంగతి కూడా దాంతోపాటే తేలిపోతుందట. అబద్ధం కూడా కాదక్కా. చెయ్యి నిజంగానే వణికింది. కానీ లెక్క తప్పలేదు, మూడుసార్లు చూశాను.

నువ్వు ఒక్క మాట రాస్తే ఆ మాటే చెప్తాను. అగతీనకి అమ్మ కావాలి. నన్ను ఎవరేమనుకున్నా పర్వాలేదు. ఏం చెప్పమంటావు?

లిల్లో


న్యూ ఆర్లీన్స్
16 ఏప్రిల్ 1941

ఒరేయ్ లిల్లో,

నీ ఉత్తరం మూడు రోజులు ఎప్రాను జేబులో పెట్టుకుని తిరిగాను. అబద్ధం చెప్పను, మొదటి రోజు ముద్దుపెట్టుకున్నాను. ఒక్క మాటతో ఇంట్లో ఉండిపోవచ్చు. అగతీనకి జడ వేసుకుంటూ, కిటికీ మూసుకుని.

కానీ కేసు పోతే ఏమవుతుందో తెలుసా? గొలుసు తీసేస్తారు. మర తిరుగుతుంది. మామగారు లేవలేరు కాబట్టి చీపురు బాల్డో చేతికొస్తుంది, ఆయన తర్వాత ఇంకెవరికో. చీటీ మీద నేను నవ్వుతూనే ఉంటాను. ఎక్కడికీ పోలేను. జైలుకైతే తేదీ ఉంటుంది కదా, ఒకరోజు బయటికి పంపిస్తారు.

భయంగానే ఉంది. ధైర్యవంతురాలినని అనుకోకు. పిల్ల ఏం తింటుంది, ఎవరు నిద్రపుచ్చుతారు అని తెల్లవార్లూ అదే. బాల్డో నేర్చుకుంటానన్నాడు. నిన్న జడ వేశాడు, చీపురుకట్టలా వేశాడు. అగతీన ఏమీ అనలేదు, అలాగే బడికెళ్లింది. ఆ నాలుకకి అంత ఓర్పు ఎక్కడిదో! రాత్రి మాత్రం అడిగింది, "అమ్మా, వచ్చే ఏడాది మూడో తలుపు తీస్తావా?" అని. నేను ఇంట్లో ఉంటే తీస్తానన్నాను. లేకపోతే? అంది. నువ్వు తియ్యి, ముందు గంగాళంలో ఏముందో చూసి తియ్యి అన్నాను.

కోర్టులో నల్లకోటు వేసుకుని రా, ఆ గోధుమరంగుది వద్దు, అందులో నువ్వు పిండి మూటలా ఉంటావు. నా వైపు చూడకు. చూస్తే ఇద్దరం ఏడుస్తాం, జడ్జిగారికి టైము వేస్టు. వాళ్లు అడుగుతారు, నువ్వు చెప్పు. వెంట్రుకలెన్ని, కాళ్లెన్ని, రెక్కలెన్ని, నీకు కనపడినవి కనపడినట్టు. ఆ పొట్లం మీద బొమ్మ ఎవరిదని అడిగితే మా అక్కదని చెప్పు.

వంటింటి నేల మీద నీకు లెక్కలు నేర్పింది నేను. ఒక్కటి తగ్గించి చెప్పావో, జడ్జిగారున్నారని కూడా చూడను, బోనులోంచి దిగొచ్చి చెవి మెలిపెడతాను.

నీ అక్క
నింఫా